లారీలు నిలిచిన సగం

హైదరాబాద్ రాయదుర్గంలో మా అమ్మాయి ఉంటున్న అపార్ట్‌మెంట్‌కి ఎదురుగా కొత్తగా ఒక ఆఫీసు భవనం లేచింది. అద్దాలు బిగించడం అయిపోయి, ఇప్పుడు దాని ముందు పచ్చదనం పెంచే పని నడుస్తోంది. నిన్న పొద్దున పాల ప్యాకెట్ కోసం కిందికి దిగినప్పుడు చూశాను. మొన్నమొన్నటి దాకా క్రేన్లూ సిమెంటు లారీలూ తిరిగిన జాగాలోనే వరసగా గుంతలు తీసి, మొక్కలు నాటి, పైపుతో నీళ్ళు పెడుతున్నారు. ఆ నీళ్ళు ఇంకడం లేదు. పళ్ళెంలో పోసినట్టు అలాగే నిలబడి, పైనున్న అద్దాల గోడను చూపిస్తున్నాయి. నేను పాల సంగతి మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను. నీళ్ళు పెడుతున్న అతను నన్ను చూసి, "ఏం గావాలమ్మా?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఆ గుంతల్లో నేనేం చూస్తున్నానో చెప్పాలంటే మా తోడికోడలి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అంతసేపు వినే తీరిక అతనికి లేదు.

మా మరిది హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరిన కొత్తలో బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రి నుంచి లేచి వచ్చేటప్పటికి అక్కడి నర్సును పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఆ అమ్మాయిది మెదక్ వైపు, మాది గుంటూరు వైపు. రెండూ క్రైస్తవ కుటుంబాలే కాబట్టి మందిరం దగ్గర ఏ పేచీ రాలేదు. వచ్చిన పేచీ అంతా మాట దగ్గరే, అదీ నా ఒక్కదానికే. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి మా మామయ్యగారి ఎదుట గొంతు పెంచి ఎరగను, 'మీరు' తప్ప మరో మాట ఎరగను. ఈ అమ్మాయి వచ్చిన వారంలోనే, "మామయ్యా, తిన్నవా నువ్వు?" అంది. నేను ఆయన మొహం చూశాను. ఆయన నవ్వుతూ, "తిన్నానమ్మా, నువ్వు తిన్నావా?" అన్నారు. అన్నేళ్ళలో ఆయన నన్ను తిన్నావా అని అడిగింది లేదు. వండేది నేనే కదా, తినే ఉంటుందనుకునేవారు కాబోలు. అయినా ఆ ప్రశ్న ఆమెకు వెళ్ళింది, నాకు రాలేదు. నాలో మొదలైనది అక్కడే మొదలైంది.

మామయ్యగారు అటవీశాఖలో, ఏజెన్సీ వైపు కలప డిపోల్లో పని చేసి దిగిపోయిన మనిషి. ఎవరింటికి వెళ్ళినా ముందు ద్వారబంధాన్ని వేలి కణుపులతో తట్టి చూసి, అది టేకో నల్లమద్దో మరింకేమిటో చెప్పి, తరవాత గానీ కుశలం అడిగేవారు కాదు. అత్తయ్యగారు పోయాక కూకట్‌పల్లిలో మా దగ్గరే ఉండేవారు. మియాపూర్ దాటి లోపలికి వెళితే ఎర్ర చెలక నేల. ఎవరికీ అక్కర్లేని రోజుల్లో ఆయన అక్కడ కొంత కొని, నీలగిరి పెంచుకుంటామన్నవాళ్ళకు కౌలుకిచ్చారు. కౌలు ముగిసి ఆ చెట్లు కొట్టించే సమయానికి అల్పపీడనం పట్టుకుంది. రోజూ ముసురు. ఆ ముసురులోనే రంపాలు ఆడాయి, ట్రాక్టర్లు దుంగలు ఈడ్చాయి, లారీలు వచ్చి వెళ్ళాయి. ఆయన గొడుగు వేసుకుని దగ్గరుండి అంతా చేయించి, దగ్గు తెచ్చుకుని వచ్చారు. నేను మిరియాల కషాయం కాచి ఇచ్చాను. ఆమె ఫోన్ చేసి, "ఇగ బయటికి పోకు మామయ్యా, ఛాతీకి పడతది" అని కసిరింది. ఆయనకు తగ్గింది కషాయంతోనే, కానీ ఆ కసురునే చాలాకాలం చెప్పుకున్నారు.

ఎండ కాశాక ఆయన మమ్మల్నందరినీ అక్కడికి తీసుకెళ్ళి, ఈ నేలను మీ అన్నదమ్ములకు చెరి సగం ఇస్తున్నాను, ఇందులో టేకు వేయండి, నేను జీవితమంతా కొట్టించడమే చూశాను, పెరగడం కూడా చూసి పోతాను అన్నారు. పెద్దకోడలిని కనుక ముందు నన్ను కోరుకోమన్నారు. ఒక సగం నిండా కొట్టేసిన మోళ్ళు, వాటి చుట్టూ కొమ్మలు, బెరడు, కుళ్ళిన ఆకు, నడిస్తే చీర తగులుకునేంత చెత్త. రెండోది దారి పక్కది. దుంగలు పేర్చడానికీ లారీలు నిలపడానికీ దాన్ని జేసీబీతో చదును చేయించారు. పైమట్టి గీకేసి, నున్నగా, ముగ్గు వేసుకోవచ్చునన్నట్టు ఉంది. నేను చదును చేసిన సగాన్ని చూపించాను. మామయ్యగారు ఒక్క క్షణం ఏదో అనబోయినట్టు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు. నేను వృక్షశాస్త్రం చెబుతానన్న సంగతి ఈ సందర్భంలో చెప్పకుండా దాటేయాలని ఉంది, కానీ చెప్పాలి. కేపీహెచ్‌బీలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో, వేరు ఎలా ఊపిరి తీసుకుంటుందో ఏటా బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేదాన్ని. ఆ రోజు మాత్రం ఇంటి ముందు వాకిలిని చూసినట్టు చూశాను నేలను.

తొలకరికి ఇద్దరమూ ఒకే నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలు నాటాం. మొదటి ఏడు నాకు హాయిగా గడిచింది. ఆమె సగంలో నీలగిరి మోళ్ళు చావలేదు, కొట్టినకొద్దీ పిలకలు వేశాయి. ఆమె డ్యూటీ లేని ప్రతి రోజూ వచ్చి వాటిని నరుక్కుంటూ, "పరేషాన్ చేస్తున్నయక్కా గివి" అనేది. నేను నా చదును నేల మీద కుర్చీ వేసుకుని, పాపం అనేదాన్ని. ఆ 'పాపం'లో ఎంత తీపి ఉండేదో నాకే తెలుసు.

రెండో వానాకాలం ఆ తీపిని తీసేసింది. ఆమె టేకు నడుముదాకా వచ్చింది, శీతాకాలానికి తల దాటింది. ఆకులు చేటలంత వెడల్పు. లేత చిగురు అరచేతిలో నలిపితే ఎర్రగా గోరింటాకులా అంటుకునేది. ఆమె ఆ చెయ్యి మామయ్యగారికి చూపించి చిన్నపిల్లలా నవ్వేది. నా మొక్కలు మోకాలి దగ్గర ఆగాయి. ఆకు అరచేయంతే, అదీ అంచుల దగ్గర పసుపు. నేను ఆమె చెట్ల పక్కగా నడుస్తూ పైట సర్దుకుంటున్నట్టు చెయ్యెత్తి ఎత్తు చూసుకునేదాన్ని. చాటుగా ఏదైనా ఎరువు వేస్తోందేమోనని, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి మట్టి వాసన చూసేదాన్ని. పుట్టగొడుగుల వాసన, తడి ఆకు వాసన తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. మొక్కలు ఇచ్చిన నర్సరీ ఆయన కూడా ఆమెవైపు మనిషే అని ఒకరోజు గుర్తొచ్చి, ఆ ఆలోచనతో మధ్యాహ్నమంతా గడిపాను. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు పొరుగువానిది ఏదీ ఆశించవద్దన్న ఆజ్ఞ చదివితే, అందులో టేకుచెట్ల ప్రస్తావన లేదు కదా అనుకున్నాను.

అప్పటికే ఊరంతా ఉద్యమం. రాష్ట్రం వస్తుందన్నారు, రాదన్నారు, మళ్ళీ వస్తుందన్నారు. టీవీ పెడితే అదే, కట్టేస్తే వీధిలో అదే. మా వారు మాదాపూర్‌లో ఒక కంపెనీ లెక్కల విభాగంలో పనిచేసేవారు. అక్కడ రోజూ మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరో ఒకరు, మీవాళ్ళందరూ ఎప్పుడు బయల్దేరుతున్నారని నవ్వుతూ అడిగేవారట. నవ్వుతూనే కాబట్టి కోపం తెచ్చుకోవడానికీ వీలుండేది కాదు. ఆ నవ్వు ఇంటికి తెచ్చుకుని నమిలేవారు. మా మరిది ఇటూ మాట్లాడలేక అటూ మాట్లాడలేక, ఆదివారం భోజనాలకు వస్తే కూర మీదే మనసు పెట్టేవాడు. ఆమె మాత్రం దాచుకోలేదు. ఆస్పత్రి గేటు దగ్గర నర్సులంతా నిలబడే ధర్నాకి వెళ్ళేది. ఎండకు నల్లబడి, గొంతు బొంగురు పోయి వచ్చేది. "మీరు పోవాలని ఎవ్వలంటున్నరు బావగారూ? మాది మాకు గావాలె, గంతే" అని మా వారికి నెమ్మదిగా చెప్పేది. ఆయన పేపరు ఎత్తి పట్టుకునేవారు. నాకు ఆ వాదంలో ఎవరు సరైనవారో తేల్చుకునే ఓపిక లేదు. ఆమె గొంతు అలా బొంగురు పోవడం చూస్తే మాత్రం లోపల కలుక్కుమనేది. దేనికోసమైనా అంతగా అరిచి అలిసిపోయిన రోజు నా బతుకులో ఒక్కటీ లేదు. చెట్లు పెరుగుతున్నాయి, మామయ్యగారు ముద్దుగా చూస్తున్నారు, పైగా ఈమెకు ఇంత పెద్ద కోరిక కూడా ఉందే అనిపించేది.

ఆఫీసులూ బడులూ బస్సులూ అన్నీ ఆగిపోయిన ఆ పెద్ద సమ్మె వానాకాలం చివర్లో వచ్చింది. మా కాలేజీ కూడా మూసేశారు. ఇంట్లో కూర్చుంటే మా వారి నిట్టూర్పులు. ఒక పొద్దున మామయ్యగారిని వెంటబెట్టుకుని, దొరికిన ఆటోలో చెట్ల దగ్గరికి వెళ్ళాను. ముందురోజు గట్టి వాన పడింది. ఆమె సగంలో నేల తడిగా, మెత్తగా, కాలు దిగబడేటట్టు ఉంది. ఎక్కడా నీటిచుక్క నిలవలేదు. నా సగంలో మొక్క మొక్కకీ పాదులో నీళ్ళు మురుగుతున్నాయి. గడ్డపార తీసుకుని, అప్పటికే ఎండిపోయిన ఒక మొక్క పక్కన తవ్వడం మొదలుపెట్టాను. జానెడు లోతు కూడా పోకుండానే ఖంగుమంది. రాయి తగిలిందనుకుని పక్కన వేస్తే అక్కడా ఖంగుమంది. రాయి కాదు. మట్టే, రొట్టె మాడినట్టు పలకలా కరుచుకుపోయింది. మొక్కను పెకలించి చూశాను. నిలువునా దిగాల్సిన తల్లివేరు ఆ పలక దాకా వచ్చి, దారిలేక పక్కకు వంగి, కొంతదూరం పాకి, నల్లబడి చచ్చిపోయింది.

ఆ వేరుకు అంటిన మట్టిని వేలితో గీకాను. తడినేల మీద బరువు పడితే మట్టిలో గాలి ఉండే సందులన్నీ మూసుకుపోతాయి. నీరు దిగదు, వేరు దిగదు, ఊపిరాడదు. ఇది నేను పిల్లలకు చెప్పే పాఠమే. అటువైపు మోళ్ళూ ఆకూ బెరడూ నేలను కప్పి కాపాడాయి, కుళ్ళి మెత్తన చేశాయి. ఇటువైపు పైమట్టి గీకి, ముసురులో లారీలన్నీ నిలిపారు. నేను మామయ్యగారి వైపు తిరిగి, "మీకు తెలుసా?" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆయనతో ఆ గొంతుతో మాట్లాడాను.

ఆయన దుంగ మీద కూర్చుని ఉన్నారు. "నువ్వు కోరుకుంటుంటే అనుమానం వచ్చిందమ్మా. చదువుకున్నదానివి, నీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను" అన్నారు. తరవాత నన్ను చూడకుండా అన్నారు: "నిజం చెప్పాలంటే నాకూ గట్టిగా తెలియదు. కలప తడవకముందే బండెక్కించడం ఒక్కటే మా పని. అది డిపోకి చేరిందా లేదా చూసేవాళ్ళం. అది వచ్చిన నేలను మళ్ళీ వెళ్ళి చూసినవాళ్ళం కాదు. ఎన్ని కొండల మీద ఇలా లారీలు నిలబెట్టించానో. అక్కడ మళ్ళీ ఏం మొలిచిందో, మొలవలేదో."

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నేను గడ్డపార పక్కన పెట్టి వెళ్ళి ఆయన పక్కన, అదే దుంగ మీద కూర్చున్నాను. తిన్నావా అని ఆయన నన్ను ఆ రోజు అడిగారు. పొద్దున్నుంచీ ఇద్దరమూ ఏమీ తినలేదు.

కారణం తెలిస్తే మనసులో కుళ్ళు పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ రాత్రి అన్నాల దగ్గర మా వారు, ఇక ఇదంతా అమ్మేసి విజయవాడ వెళ్ళిపోదామన్నారు. అక్కడ తెలిసినవాళ్ళ కంపెనీలో ఉద్యోగం ఉందట. "ఇక్కడ మనకేముంది? ఎప్పటికైనా బయటివాళ్ళమే" అన్నారు.

"నేను రాను" అన్నాను.

ఆయన ముద్ద ఆపి చూశారు. "ఎందుకు?"

"చెట్లు ఎదగాలి."

"ఆ మోకాలెత్తు పుల్లల కోసమా?"

ఆ మాటే నన్ను కట్టిపడేసింది. మోకాలెత్తు పుల్లలు వదిలేసి నేను వెళ్ళిపోతే, గట్టుకు అవతల ఆమె చెట్లు ఆకాశానికి పెరుగుతూ ఉంటాయి. పండక్కో పెళ్ళికో వచ్చినప్పుడల్లా వాటిని చూసి బాగున్నాయని అనాలి. అది నావల్ల కాదు. మా వీధిలో చాలామంది ఆ రోజుల్లో ఉండాలా వెళ్ళాలా అని మథనపడ్డారు. ఉద్యోగం చూసుకుని కొందరు, పిల్లల చదువులు చూసుకుని కొందరు, ధైర్యం చేసి కొందరు నిలబడిపోయారు. మేము మాత్రం నా అసూయ వల్ల నిలబడ్డాం. మా వారికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. నాకు హైదరాబాద్ మీద అంత ప్రేమ ఉందనుకుని, ఆయన మెల్లగా ఆ ఊసు ఎత్తడం మానేశారు.

వేసవిలో నేల బాగా ఎండాక లోతు నాగలి కట్టిన ట్రాక్టరు పిలిపించి, వరసల మధ్య ఆ పలకను పగలగొట్టించాను. పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. ఆ తరవాత చేయాల్సింది ఇంకొకటి ఉంది. గిడసబారిన టేకును నేల మట్టానికి నరికేస్తే, కింద వేరు బతికి ఉంటే కొత్త చిగురు నిటారుగా వస్తుంది. తెలుసు. కానీ కత్తి పట్టుకుని నిలబడితే చెయ్యి రాలేదు. పొట్టివైనా, పసుపువైనా, అన్నేళ్ళు నీళ్ళు పోసినవి. ఆ సమయానికి ఆమె వచ్చింది, డ్యూటీ నుంచి సరాసరి, తెల్ల బట్టల్లోనే. నేను రమ్మనలేదు, మామయ్యగారు చెప్పి ఉంటారు. సంగతి ఒక్క చూపులో గ్రహించి, "ఇటియ్యక్కా, నేను కొడ్త" అని చెయ్యి చాచింది.

"వద్దు. నావి నేనే నరుక్కుంటాను" అన్నాను. ఆ కోపంతోనే మొదటి మొక్క తెగింది. తరవాతవి సులువుగానే తెగాయి.

నేను నరుకుతున్నంతసేపూ ఆమె గోనెపట్టాలు తెచ్చి, తన సగంలో రాలిన టేకాకు అంతా ఊడ్చి, మోసుకొచ్చి నా మోళ్ళ చుట్టూ పరిచింది. అది ఆమె నేలకు బలం. ఎండ మండిపోతోంది. తెల్ల బట్టలు ఎర్రమట్టి అయ్యాయి. "నీకు ఉండొద్దా?" అన్నాను. "నావి మస్తుగున్నయ్ గదక్కా. మల్ల రాలుస్తయ్" అంది, చెమట తుడుచుకుంటూ. అప్పుడు నాకు ఆమె మీద వచ్చినంత కుళ్ళు చెట్ల విషయంలో కూడా రాలేదు. నేనే ఆమె స్థానంలో ఉంటే నా ఆకు నేను ఇచ్చేదాన్నేమో కానీ, ఇంత తేలిగ్గా, ఇచ్చినట్టు కూడా తెలియకుండా ఇచ్చేదాన్ని కాదు. మంచితనంలో కూడా నాకంటే పొడుగ్గా ఉంది.

వానలకు నా మోళ్ళు చిగిర్చాయి. ఒక్కో మోడుకి ఒక్క కొమ్మను ఉంచి తక్కినవి గిల్లేశాను. శీతాకాలం వచ్చేసరికి అవి నా ఛాతీ దాకా, కర్రలా నిటారుగా వచ్చాయి. మామయ్యగారు ఒక్కోదాన్నీ వేలి కణుపుతో తట్టి చూసేవారు, లేతకాండం ఏం పలుకుతుందో ఆయనకే తెలియాలి.

రాష్ట్రం ఖాయమైన రోజున వీధులన్నీ గులాబీ రంగయ్యాయి. ఆమె మా మరిదితో కలిసి కూకట్‌పల్లి వచ్చింది, జుట్టు నిండా గులాల్, చేతిలో మిఠాయి డబ్బా. మా వారు లేచి లోపలి గదిలోకి వెళ్ళారు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. మామయ్యగారు చెయ్యి ఊపి దగ్గరికి పిలిచి, తెల్లటి తల వంచారు. ఆమె ఏడుస్తూ, నవ్వుతూ ఆయన తలకు గులాల్ రాసింది. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఆ మొహం చూశాను. అలాంటి మొహం నాకు ఏనాడూ లేదు, ఇక రాదు కూడా. ఆమె నా దగ్గరికి వచ్చి, రంగు పూయడానికి జంకుతూ, "అక్కా, మీరు ఏడికీ పోరు గదా?" అని అడిగింది. అడిగేటప్పుడు ఆమె గొంతులో నిజంగానే భయం ఉంది. నేను ఆమె చేతిలోని రంగును నా బుగ్గకు నేనే రాసుకుని, "నా చెట్లు ఇంకా నీ చెట్లంత కాలేదు" అన్నాను. ఆమె అది వేళాకోళం అనుకుని నవ్వింది. లోపల్నుంచి మా వారు, టీ పెట్టు, వాళ్ళు ఎండనపడి వచ్చారు అన్నారు.

మామయ్యగారు పెరగడం చూసే పోయారు, అనుకున్నట్టే. తరవాత మరిది ఉద్యోగం పుణెకు మారి, ఆమె వెళుతూ తన సగాన్ని కూడా చూసుకోమని నాకు అప్పగించింది. ఒక ఎండాకాలం పెద్ద గాలివాన వచ్చి మియాపూర్‌లో హోర్డింగులు కూలాయి. తెల్లవారగానే పరిగెత్తాను. గేటు తీసుకుని లోపలికి వెళ్ళాక గమనించుకున్నాను, నా కాళ్ళు ముందు ఆమె సగంలోకే వెళ్ళాయి. కొమ్మలు విరిగాయి కానీ చెట్లన్నీ నిలబడే ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య వెనకాల, గోటి చివరంత, అయ్యో ఒక్కటీ పడలేదా అన్న నిరాశ కూడా ఉంది. రెండూ నావే. అక్కడే నిలబడి ఆమెకు ఫోన్ చేసి, అన్నీ బాగున్నాయని చెప్పాను. "ఫికర్ జేసిన అక్కా. నీవి ఎట్లున్నయ్?" అంది. నావి ఇంకా చూడనేలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే గట్టు దాటి అటు నడిచాను.

నా టేకు ఆమె టేకును అందుకోలేదు. దూరం నుంచి చూసేవాళ్ళకు ఒకే తోట, దగ్గరికెళితే తెలుస్తుంది. ఏ ఏడు ఆమె చెట్టు ఎంత ఎత్తు, ఏ వానకు ఏ వరస చిగిర్చింది, ఏ ఆదివారం ఆమె ఏ చీర కట్టుకొచ్చింది, మామయ్యగారు ఆమెతో ఏమని నవ్వారు, అన్నీ నిన్న జరిగినట్టు చెప్పగలను. నింపాదిగా, ఏ బాధా లేకుండా గడిచిన సంవత్సరాలు నాకూ చాలానే ఉండి ఉంటాయి. అవి ఎటు పోయాయో ఎంత వెతికినా గుర్తురావు. కుళ్ళుకుంటూ, కళ్ళు తిప్పుకోకుండా గడిపిన ఆ కొద్ది ఏళ్ళే నాకు పూర్తిగా మిగిలాయి.